టెలిస్కోప్ కొనే ముందు ఇవి చూసుకోండి

వానలు వెనకపట్టాయి. తుపాన్ల గోల లేకపోతే కార్తీకం నుంచి శ్రీకాకుళంలో ఆకాశం తేటగా ఉంటుంది. పిల్లలకి టెలిస్కోప్ కొనాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు:

– కన్ను పెట్టే కటకానికి బిగించే చిన్న సన్ ఫిల్టర్ చవక సెట్లలో వస్తుంటుంది. దాన్ని వెంటనే పారేయండి. ఎండ వేడి అక్కడే పోగుపడి అది పగలొచ్చు. పోయిన చూపు తిరిగి రాదు.

– డబ్బా మీద "525 రెట్లు" అని రాసుంటే నమ్మొద్దు. ముందు కటకం వ్యాసం అడగండి. మిల్లీమీటరుకు రెండు రెట్లే హద్దు. 50 మి.మీ. కటకంతో 100 రెట్లు దాటితే అంతా మసకే.

– బడ్జెట్ తక్కువైతే 10×50 (పది రెట్లు, 50 మి.మీ. ముందు కటకాలు) బైనాక్యులర్ తీసుకోండి. చంద్రుడి మీది గుంతలు, కృత్తికల గుంపు బాగా కనిపిస్తాయి. మోచేతులు గోడకి ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం పెద్ద చందమామలు కూడా చుక్కల్లా కనిపిస్తాయి. శని వలయాలకు మాత్రం ఇది చాలదు. అయినా మొదటి ఏడాదికి నా ఓటు దీనికే.

– స్టాండుని తట్టి చూడండి. వణుకు వెంటనే ఆగకపోతే కళింగపట్నం బీచ్ గాలిలో ఏదీ నిలకడగా కనిపించదు.

– మంచుకి తడిసిన కటకాన్ని ఆరనిచ్చాకే మూత పెట్టండి, లేదంటే బూజు పడుతుంది.