ఎండు చేప: ఒడ్డున ఎండిన తీరును బట్టే వంట

హైదరాబాద్‌లో బేగంబజార్‌లోనో, ముషీరాబాద్, రాంనగర్ చేపల మార్కెట్ల దగ్గరో ఎండు చేపలు కొనేటప్పుడు ముందు అడగాల్సింది ధర కాదు. ఉప్పు వేయకుండా ఎండబెట్టినవా, ఉప్పులో ఊరబెట్టి ఎండేసినవా అని అడగాలి. ఆ ఒక్క సంగతి తెలిస్తే ఎంతసేపు నానబెట్టాలో, కూరలో ఉప్పు ఎప్పుడు వేయాలో తేలిపోతుంది. దుకాణదారు సూఖీ మచ్ఛీ అని పిలిచినా, ఆ సరుకు వెనక ఉన్నది సముద్రపు ఒడ్డున జాలరి, వాడబలిజ కుటుంబాల పనితనం.

ఒడ్డు నుంచి లాగే అలివి వలనే ఉదాహరణగా తీసుకోండి. ఒక తాడు కొసను ఒడ్డున ఉంచి, పడవలో వలను అర్ధచంద్రాకారంగా దింపుకుంటూ పోయి, రెండో కొసను కాస్త ఎడంగా ఒడ్డుకు చేరుస్తారు. రెండు జట్లూ కలిసి లాగుతాయి. నడిమి సంచిలో నెత్తళ్ళు, కవళ్ళు, కారలు వంటి చిన్న చేపలు రాశిగా పడతాయి. అంతా పచ్చిగా అమ్ముడుపోదు. మిగిలినవాటిని ఆడవాళ్ళు ఏరి, ఇసుక మీద పలచగా పరిచి, తిరగేస్తూ ఎండబెడతారు. గట్టి ఎండ కాస్తే నెత్తళ్ళకు రెండు మూడు రోజులు చాలు, ఉప్పుతో పనిలేదు. పెద్ద చేప అలా ఎండదు, కండ లోపల తడి నిలిచి కుళ్ళుతుంది. అందుకే దాన్ని చీల్చి, పేగులు తీసి, సుమారు నాలుగు కిలోలకు కిలో చొప్పున ఉప్పు పట్టించి, ఊరాక ఎండేస్తారు. రిబ్బన్‌లా పొడుగ్గా ఉండే సావళ్ళనే చేపలను దండేల మీద వేలాడదీస్తే ఇసుక అంటదు.

మంచి నెత్తలిని వంచితే పుటుక్కున విరుగుతుంది. మెత్తగా వంగిందంటే తడికి కూడా డబ్బు కడుతున్నట్టే. కవళ్ళు పసుపు తిరిగి ఉంటే వాటి నూనె కనరెక్కినట్టు, ఎంత కడిగినా ఆ వాసన పోదు. ఉప్పుచేప మీద గులాబీ రంగు మచ్చలు, జిగురు కనిపిస్తే ఉప్పులోనూ బతికే బాక్టీరియా పట్టినట్టు, కొనవద్దు. సంచి అడుగున పిండిలాంటి పొడి ఉంటే పురుగు తొలుస్తోంది.

నెత్తళ్ళ కూరంతా శుభ్రం చేయడంలోనే ఉంది. నలుగురికి 100 గ్రాములు తీసుకోండి. తల గిల్లి మెల్లగా లాగితే పొట్టలోని నల్లటి భాగం దానితోపాటే వస్తుంది. అది ఉండిపోతే కూర చేదెక్కుతుంది. పొడి మూకుడులో సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించి, జల్లెడలో ఆడించండి. అంటుకున్న ఇసుక చాలావరకు రాలిపోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో వేసి, చేత్తో కలిపి, చేపలను పైకి తీసి వేరే గిన్నెలో వేయండి. గిన్నె వంచి నీళ్ళు వార్చకండి, అడుగున దిగిన ఇసుక మళ్ళీ చేపల మీదికే వస్తుంది. నీళ్ళ అడుగు తేటగా కనిపించేదాకా, నాలుగు సార్లయినా ఇలా చేయాలి. ఐదు నిమిషాలు మించి నాననివ్వొద్దు.

పావుకిలో వంకాయలు, రెండు ఉల్లిపాయలు మగ్గాక చిన్న నిమ్మకాయంత చింతపండు రసం పోసి, అది ఉడుకు పట్టాక నెత్తళ్ళు వేయండి. పది నిమిషాలు చాలు. గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టి తిప్పండి, లేకపోతే చేప ముక్కలై ముళ్ళు తేలతాయి. ఉప్పు రుచి చూసి చివర్లో వేయాలి.

ఉప్పుచేప దారి వేరు. వేడినీళ్ళలో అరగంట, నీళ్ళు మార్చి మరో అరగంట నానబెట్టి, చిన్న ముక్క ఉడికించి ఉప్పు చూడండి. రాత్రంతా వదిలేస్తే ముక్క నూనెలో విచ్చుకుంటుంది. పప్పుచారులోకి వేయించేటప్పుడు గుడ్డతో అద్ది తడి పూర్తిగా తీయాలి, చిటపటలు తగ్గుతాయి. ఉప్పుచేప నానిన నీళ్ళు బాల్కనీ మొక్కలకు పోయకండి, ఉప్పుకి వేళ్ళు మాడతాయి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. ఇంజను లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉన్నా సరుకు తగ్గుతుంది. అందుకని మార్చిలోపే కొని, మేడ మీద పాత వల కప్పి ఒకరోజు ఎండబెట్టండి. సాయంత్రం వేడి పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో పోయాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి, హైదరాబాద్‌లో మొదటి వానలు పడేసరికి బూజు వస్తుంది. చోటుంటే సీసాను డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, పురుగూ చేరదు.