లీవర్ రైఫిల్: ఎంపికలో పొరపాట్లు, అడవిలో మొరాయింపులు

మోంటానాలో జింకల వేటకనో, అలాస్కాలో ఎలుగుబంట్లు తిరిగే చోట గుడారానికి రక్షణగానో లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను తోసి లాగితే కొత్త తూటా ఎక్కే తుపాకీ) కొన్నవారు చెప్పే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం తూటా ఎంపికలోనో వాడే తీరులోనో ఉంటుంది. ఏది పరీక్షించబోయినా ముందుగా గొట్టాన్ని నిరపాయకరమైన దిక్కుకు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు లేకుండా చూసుకొని, చాంబర్‌లోనూ (కాల్చబోయే తూటా ఉండే గది) మ్యాగజైన్‌లోనూ (మిగతా తూటాలు నిలవుండే చోటు) తూటా మిగలలేదని నిర్ధారించుకోవాలి.

లీవర్ సగంలో బిగుసుకుపోతోంది; ఖాళీ తూటా (కాల్చాక మిగిలే తొడుగు) బయటికి రావడం లేదు.
తొలి అనుమానం మన చేతి మీదే ఉండాలి. రైఫిల్ దెబ్బతింటుందేమోనన్న బెరుకుతో లీవర్‌ను మెల్లగా, అరకొరగా తిప్పితే ఖాళీ తూటా లోపలే ఉండిపోతుంది, లేదా తర్వాతి తూటా పైకి లేవదు. రైఫిల్‌ను భుజం నుంచి దించకుండా లీవర్‌ను చివరికంటా తోసి, అదే ఊపుతో వెనక్కి లాగడం మందు లేని డమ్మీ తూటాలతో అలవాటు చేసుకోవాలి. అప్పటికీ ఇరుక్కుంటూ ఉంటే తూటా పొడవు మార్చి చూడాలి. 357 మాగ్నమ్ అనే తూటాకు చేసిన రైఫిల్‌లో పొట్టి 38 స్పెషల్ తూటాలు సాఫీగా ఎక్కకపోవడం అరుదేమీ కాదు. మార్లిన్ కంపెనీ వారి పాత 1894 మోడల్ రైఫిల్‌లో తూటాను పైకెత్తే క్యారియర్ అరిగితే రెండో తూటా దాని కిందికి జారి మొత్తం యంత్రాన్ని బంధించేస్తుంది. ఇది తుపాకీ మెకానిక్ చేయవలసిన మరమ్మతు. ఇంకొక కారణం కాస్త నవ్వు తెప్పించేది: మార్లిన్ 336ను శుభ్రం చేయడానికి చాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్ట్ తీసినప్పుడు ఎజెక్టర్ అనే చిన్న ముక్క ఊడి పడిపోతుంది, దాన్ని మరచి బిగించినవారికి ఖాళీ తూటా ఎగరదు. కింద తెల్లగుడ్డ పరచుకొని విప్పడమే మందు.

ట్రిగ్గర్ నొక్కినా సుత్తి పడడం లేదు.
లీవర్ పూర్తిగా మూసుకోనిదే ట్రిగ్గర్ పనిచేయకుండా మార్లిన్ 336లో అడ్డు ఉంటుంది. మందపాటి చేతితొడుగో, లీవర్‌కు చుట్టిన తోలో మధ్యలో అడ్డుపడుతోందేమో చూడాలి.

దూరపు గురికి గుండు కిందికి దిగిపోతోంది.
30-30 రకం సుమారు 150–200 గజాల గురికి తగిన తూటా. ఈ లోపాన్ని దిద్దుకోవాలని తూటాలు ఒకదాని వెనుక ఒకటి నిలిచే గొట్టపు మ్యాగజైన్‌లో సూదిముక్కు తూటాలు నింపడం ప్రమాదకరం. వెనుక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు (తూటా వెనుక, దెబ్బకు నిప్పంటుకునే బిళ్లకు) ఆని ఉంటుంది కనుక, కాల్చినప్పటి కుదుపుకు అది లోపలే పేలవచ్చు. చదునుముక్కు తూటాలు గాని, హార్నడీ వారి లెవరెవల్యూషన్ వంటి మెత్తని మొనవి గాని వాడాలి. 200 గజాలు దాటిన గురే మీకు మామూలైతే డబ్బా మ్యాగజైన్ ఉన్న బ్రౌనింగ్ బిఎల్‌ఆర్ అనే లీవర్ రైఫిల్ కొనడమే ఉత్తమమని నా అభిప్రాయం.

45-70 రకం తూటా తన్నుడుకు రెండో గుండు వేయలేకపోతున్నాను.
తేలికైన పొట్టి రైఫిల్‌లో భారీ తూటాలు వేయడమే దీనికి కారణం. 1873లో అమెరికా సైన్యం స్వీకరించిన ఈ తూటా నేడు పలు శక్తిస్థాయుల్లో దొరుకుతోంది. భారీ రకాలను నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లలో వేయకూడదు. మధ్యస్థ రకానికి దిగాలి, లేదా 44 మాగ్నమ్ తూటా వాడే రైఫిల్ ఎంచుకోవాలి. 30-30 జింకకు నిక్షేపంలాంటిదే గాని, గోధుమరంగు ఎలుగుబంటికి చాలదనే అనుకోవాలి. శిబిరంలో మ్యాగజైన్ నింపి చాంబర్ ఖాళీగా ఉంచాలి, ఎలుగుబంటిని తరిమే ఘాటైన బేర్ స్ప్రే చేతికందేలా పెట్టుకోవాలి.

కొనడానికే అడ్డంకి వచ్చింది.
హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్న మనవారు తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఈ నిషేధానికి ఒక మినహాయింపు. చట్టం సంగతి వచ్చింది కనుక ఇదీ గుర్తుంచుకోవాలి: అలాస్కాలో ఆత్మరక్షణకై ఎలుగుబంటిని చంపినా దాని చర్మాన్నీ పుర్రెనూ రాష్ట్రానికి అప్పగించక తప్పదు.