చవక ఫోను ఎంపిక – నాలుగవ పాఠం: ఎండలో తెర

మూడవ పాఠంలో చిప్‌నూ ర్యామ్‌నూ తూచి చూశాము. అప్పుడు మీరు రెండు ఫోన్ల వివరాలు రాసుకున్న కాగితం ఈ రోజు కూడా కావాలి. దానికి మరో నాలుగు వరుసలు చేర్చబోతున్నాము: తెరలోని చుక్కల (పిక్సెళ్ల) లెక్క, హెర్ట్జ్, వెలుగు, తెర రకం. పది పన్నెండు వేల రూపాయల ఫోనులో తయారీదారు ఖర్చు తగ్గించుకునే ముఖ్యమైన చోట్లలో తెర ఒకటి. అనంతపురం టవర్ క్లాక్ పరిసరాల్లో ఏ దుకాణానికి వెళ్లినా లోపల ట్యూబ్‌లైట్ల కింద అన్ని తెరలూ బాగానే కనిపిస్తాయి కాబట్టి, ఆ తగ్గింపు మన కంటికి అక్కడ చిక్కదు.

మొదట చుక్కల లెక్క చూద్దాం. పెట్టె మీద హెచ్‌డీ ప్లస్ అని ఉంటే సాధారణంగా 1600 × 720 చుక్కలనీ, ఫుల్ హెచ్‌డీ ప్లస్ అని ఉంటే 2400 × 1080 చుక్కలనీ అర్థం. రెంటినీ గుణించి చూస్తే మొదటిదానిలో సుమారు 11.5 లక్షలు, రెండవదానిలో సుమారు 26 లక్షల చుక్కలు తేలుతాయి. 6.7 అంగుళాల తెర మీద పరిస్తే అంగుళానికి మొదటిదానిలో 262, రెండవదానిలో 393 వస్తాయి. ఇంగ్లీషు చదివేవారికి ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు గాని తెలుగు చదివేవారికి తెలుస్తుంది. మన లిపిలో అక్షరం కింద వత్తు, పైన గుడి, పక్కన సుడి, అన్నీ ఇరుకు చోటులో సర్దుకోవాలి. ఒక మిల్లీమీటరు ఎత్తున్న వత్తును గీయడానికి హెచ్‌డీ ప్లస్ తెరలో సుమారు పది వరుసల చుక్కలే దొరుకుతాయి, ఫుల్ హెచ్‌డీ ప్లస్ తెరలో పదిహేను దొరుకుతాయి. గ్రూప్స్ పరీక్షలకు తెలుగు మాధ్యమంలో చదువుతూ పీడీఎఫ్ పుస్తకాలను ఫోనులోనే గంటల తరబడి చూసే విద్యార్థికి ఈ అయిదు వరుసలు ఎంతో ముఖ్యం.

ఇక హెర్ట్జ్. తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ గీయగలదో చెప్పే అంకె ఇది. 120 హెర్ట్జ్ ఫోనులో పేజీ జరిపేటప్పుడు నున్నగా కదులుతుంది, నిజమే. కాని మనం చూసే వీడియోల్లో ఎక్కువ భాగం సెకనుకు 24 నుంచి 30 బొమ్మలతోనే ఉంటాయి కాబట్టి అక్కడ దీనివల్ల పెద్దగా ఒరిగేది లేదు. పైగా చిప్ బలహీనమైనదైతే ఆ వేగాన్ని నిలకడగా అందించలేదు. ఒకే ధరలో 120 హెర్ట్జ్ హెచ్‌డీ ప్లస్, 90 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఎదురైతే నేను సందేహం లేకుండా రెండవదాన్నే తీసుకోమంటాను.

మన జిల్లాలో అన్నిటికంటే ముందు చూడవలసింది మాత్రం వెలుగు. దీన్ని నిట్స్‌లో కొలుస్తారు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసే ‘పీక్’ అంకె చాలాసార్లు తెరలో చిన్న భాగం మాత్రమే, కాసేపు మాత్రమే అందుకోగల వెలుగు. మీరు కాగితం మీద రాయవలసింది ‘టిపికల్’ (మామూలు వాడుకలో ఉండే వెలుగు), ‘హెచ్‌బీఎం’ (హై బ్రైట్‌నెస్ మోడ్, అంటే ఎండలో ఫోను పెంచుకునే వెలుగు) అని చూపే అంకెలను. బుడ్డల (వేరుశనగ) చేనులో ఆకుమచ్చ తెగులు సోకిన ఆకును ఫోటో తీసి వ్యవసాయ సహాయకుడికి పంపాలనుకునే రైతు, మధ్యాహ్నపు ఎండలో తెర కనిపించక అంచనాతో బొత్తాం నొక్కితే ఆ ఫోటోలో మచ్చ కాక మసకే వస్తుంది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. శామ్‌సంగ్, ఆపిల్ వంటి సంస్థలు తమ ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసరాల్లో వాడమని చెబుతాయి. మన మే నెల ఎండ 40 దాటుతుంది. ఫోను వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వెలుగును తగ్గించుకుంటుంది, అంటే మనకు ఎక్కువ వెలుగు కావలసిన సమయంలోనే అది తగ్గుతుంది. పక్కవారికి కనిపించకుండా అతికించే ప్రైవసీ గ్లాసు కూడా వెలుగును తినేస్తుంది, కాబట్టి చేనుకు వెళ్లేవారు దాన్ని వేయించుకోవద్దు.

చివరి వరుస తెర రకం. ఎల్‌సీడీ తెరకు వెనుక దీపం ఉంటుంది. అమోలెడ్ తెరలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, కనుక నలుపు నిజమైన నలుపుగా ఉంటుంది, డార్క్ థీమ్ పెట్టుకుంటే బ్యాటరీ ఆదా అవుతుంది. ఎల్‌సీడీలో డార్క్ థీమ్ వల్ల అటువంటి ఆదా దాదాపు ఉండదు. అయితే అమోలెడ్ పగిలితే మార్చే ఖర్చు ఎక్కువ. నా ఫోను పగిలినప్పుడు ఒక మరమ్మతు దుకాణంలో తక్కువకు వస్తుందని తెర మార్పించుకున్నాను. అమోలెడ్ స్థానంలో నాసిరకం ఎల్‌సీడీ నకలు వేశారు. తెర కిందనుంచి వేలిముద్ర చదివే ఏర్పాటు ఆ రోజునుంచే పనిచేయలేదు, ఎందుకంటే ఆ ఏర్పాటుకు వెలుగునిచ్చేది అమోలెడ్ చుక్కలే. చేతినుంచి ఫోను తరచూ జారిపడే ఇంట్లో, కొనే ముందే అసలు తెర ధరను సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవాలి.

అభ్యాసం: ఎండ నెత్తిమీదకు వచ్చే వేళ దుకాణానికి వెళ్లండి. మీ కాగితంలోని రెండు ఫోన్లలోనూ వెలుగును పూర్తిగా పెంచి, ‘అన్నా, ఒకసారి బయట వెలుతురులో చూస్తాం’ అని అడిగి గడప దాటండి. రెంటిలోనూ ఒకే తెలుగు వార్తను తెరిచి, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ వంటి మాటలు ఉన్న వాక్యాన్ని మూరెడు దూరం నుంచి చదవండి. తరువాత తెరను కొద్దిగా పక్కకు వంచి రంగు మారుతుందేమో గమనించండి. అయిదు నిమిషాలు ఎండలోనే ఉంచి, వెలుగు తగ్గిందో లేదో రాసుకోండి. దుకాణదారు ఫోనును బయటకు ఇవ్వకపోతే, అదే నమూనా వాడుతున్న బంధువుల ఫోనుతో ఈ పని చేయవచ్చు. బ్యాటరీ, చార్జర్ గురించిన అయిదవ పాఠంలో ఈ అంకెలతోనే లెక్క మొదలుపెడతాము.