గొంతు నొప్పి ఎందుకొచ్చిందో ఎలా పట్టుకోవాలి

గొంతు నొప్పి మొదలవగానే ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసేసుకునే అలవాటుంటే ముందు అది మానండి. ఎక్కువసార్లు కారణం వైరస్సే, దాని మీద ఆ మందు పనిచేయదు. ముక్కు కారుతూ, దగ్గు వస్తూ, గొంతు బొంగురుపోయిందంటే దాదాపు జలుబు కిందే లెక్క. ఉప్పు నీళ్లు పుక్కిలించండి, నొప్పి ఎక్కువైతే పారాసెటమాల్ వేసుకోండి, వారంలో తగ్గిపోతుంది.

అదే దగ్గూ జలుబూ ఏమీ లేకుండా ఒక్కసారిగా జ్వరం వచ్చి, గుటక వేయడమే కష్టమై, దవడ కింద బిళ్లలు కట్టి, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే స్ట్రెప్ బ్యాక్టీరియాని అనుమానించాలి, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో. ఉత్త చూపుతో తేల్చడం డాక్టర్లకీ కష్టమే, స్వాబ్ టెస్ట్ (గొంతులో దూదిపుల్లతో తుడిచి చేసే పరీక్ష) చేయించండి. స్ట్రెప్ అని తేలి మందు రాస్తే రాసినన్ని రోజులూ వాడాలి (పెన్సిలిన్ రకమైతే మామూలుగా 10 రోజులు). వదిలేస్తే కొందరికి రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి.

జ్వరం లేకుండా వారాల తరబడి సాగే నొప్పికి మాత్రం కొంచెం డిటెక్టివ్ పని చేయాలి. ఏ టైంలో ఎక్కువగా ఉంటోందో చూసుకోండి. పొద్దున లేవగానే అయితే నోరు తెరిచి పడుకోవడం, గురక, పొడిగాలి, లేదా పొట్టలో యాసిడ్ పైకి రావడం. ఛాతీలో మంట లేకపోయినా యాసిడ్ గొంతు దాకా రావచ్చు, ఇది చాలామందికి తట్టదు. తిన్నాక 3 గంటలు ఆగి పడుకుని చూడండి. సాయంత్రానికి పెరుగుతుంటే రోజంతా మాట్లాడటమో, పొగో. ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లు పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే గొంతులో ఫంగస్ పడుతుంది.

అరుదైనవాటిలో నాకు భయం వేసేది థైరాయిడ్ ఎక్కువైనవాళ్లు వాడే కార్బిమజోల్. దాంతో ఒక్కోసారి తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, ఆ మందు మీద ఉండి గొంతు నొప్పి, జ్వరం వస్తే టాబ్లెట్ ఆపి అదే రోజు రక్త పరీక్ష చేయించుకోవాలి. ఒక్క పక్కే నొప్పి, అదే పక్క చెవిలో పోటు, 3 వారాలైనా తగ్గలేదంటే ఈఎన్‌టీకి చూపించండి, పొగాకు అలవాటుంటే అసలు ఆగొద్దు. నడుస్తుంటే గొంతూ దవడా పట్టేసి, ఆగగానే తగ్గిపోతోందంటే అది గుండె నొప్పి కావచ్చు.

ఉమ్మి కూడా మింగలేక చొంగ కారుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, ఊపిరికి శబ్దం వస్తున్నా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి. దారిలో చెంచా పెట్టి గొంతులోకి చూడకండి, పిల్లల్లో అయితే అసలే వద్దు, ఊపిరి పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది.