పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చే ముందు

ఇంటిపేరు మార్చుకోవాలని చట్టమేమీ లేదు. మార్చుకోవాలో వద్దో ముందు తేల్చుకోండి.

సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చే పెళ్లి సర్టిఫికెట్‌లో మీ పాత పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే పడిందా, చూడండి. అక్షరం తేడా ఉంటే అక్కడే దిద్దించండి.

విశాఖలో గాజువాకైనా మధురవాడైనా, ఆధార్ కేంద్రంలో తొందరపడొద్దు. పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. అసలు చిక్కు మన పొడి అక్షరాలతోనే: ఆధార్‌లో ‘కె. లక్ష్మి’, పాన్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే రెండూ లింక్ కాకపోవచ్చు. ఇంటిపేరు ముందా, వెనకా? ఒకటే ఖాయం చేసి అన్నిటా అదే రాయించండి. ఆపరేటర్ కొట్టిన పేరును తెర మీద మీరు చదివాకే సరే అనండి.

తర్వాత పాన్, ఆపైన బ్యాంకు.

పాత పేరుతో విదేశీ టికెట్ తీసుకున్నారా? తిరిగొచ్చేదాకా పాస్‌పోర్టు కదపొద్దు.