తలుపు బందు నుంచి బైకు ఇంజన్ దాకా: ఏ చోట ఏ నూనె వేయాలి?

తలుపు కిర్రుమంటే కొబ్బరినూనె, చైను మోగితే వాడేసిన ఇంజన్ ఆయిల్, తాళం బిగుసుకుంటే చేతికందిన స్ప్రే. ఏళ్ల తరబడి ఇవే తప్పులు చూస్తున్నాను. నూనె వేయడం ఎవరికైనా వచ్చు. ఎక్కడ ఏది వేయాలి, ఎక్కడ అసలు వేయకూడదు అన్నదే తెలియాలి.

1. కొనాల్సినవి

కుట్టుమిషన్ నూనె చిన్న సీసా, లిథియం గ్రీజు, 90 నంబరు గేర్ ఆయిల్, సిలికాన్ స్ప్రే, పాత బనియన్ గుడ్డ, వాడేసిన టూత్‌బ్రష్. ఒక్క సీసాతో ఇల్లంతా సరిపెడదామనుకోకండి.

2. ముందు తుడవండి

పాత జిడ్డు మీదే కొత్త నూనె పోస్తే దుమ్ముతో కలిసి గరుకు ముద్దవుతుంది. అది ఇనుమును కాపాడదు, అరగదీస్తుంది.

3. ఇంట్లో

తలుపు బందు పిన్ను తీసి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ దించండి. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగురులా పట్టేస్తుంది. తాళంలో అసలు నూనె పోయొద్దు, లోపల దుమ్ము పేరుకుంటుంది. గ్రాఫైట్ పొడి వేయండి. దొరక్కపోతే మెత్తటి పెన్సిల్‌తో తాళంచెవి మీద బాగా రుద్ది నాలుగైదుసార్లు తిప్పండి. రబ్బరు తగిలే చోట సిలికాన్ స్ప్రే వాడండి, మామూలు గ్రీజుకు చాలా రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. కుట్టుమిషన్‌కు దాని నూనె తప్ప మరొకటి వద్దు. సీలింగ్ ఫ్యాన్ బేరింగులు చాలావరకు మూసి ఉండేవే. అవి మోగితే మార్చాలి, పైనుంచి నూనె పోస్తే లాభం లేదు.

డబ్ల్యూడీ-40 అనే స్ప్రే గురించి ఒక మాట. 1953లో అమెరికాలో దాన్ని తయారుచేసింది నీటిని తరిమి, తుప్పు ఆపడానికి. ఆ పేరులోని 40 అంటే నలభయ్యో ప్రయత్నం. బిగుసుకున్న బోల్టు వదిలించడానికి బంగారం లాంటిది. కానీ అది ఆరాక మిగిలేది పలచటి పొరే. దానితో వదిలించండి, తుడవండి, తర్వాత అసలు నూనె వేయండి.

4. బైకు చైను

ఇంజన్ ఆపి, మెయిన్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైను లోపలి వైపు గేర్ ఆయిల్ వేయండి. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఈ పని చేసి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పావుగంట ఆగి, పైన మిగిలింది తుడిచేయండి. ప్రతి 500 కిలోమీటర్లకు, వాన పడితే ఇంకా ముందే. చైనుకు గ్రీజు పూయడం నేను ఒప్పుకోను. మన రోడ్ల దుమ్ముకు రెండు రోజుల్లో అది మట్టి పూత అవుతుంది. బ్రేక్ మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడనివ్వకండి.

5. ఇంజన్ ఆయిల్: ఇక్కడే జాగ్రత్త

మన దగ్గర తిరిగే గేరు బైకుల్లో దాదాపు అన్నిటిలో ఇంజన్, క్లచ్, గేర్లు మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు అలా కాదు. అందుకే కొన్ని కారు ఆయిళ్లలో రాపిడిని బాగా తగ్గించే పదార్థాలు కలుపుతారు. అది కారుకు మంచిదే. బైకు క్లచ్ ప్లేట్లకు కావాల్సింది పట్టు, జారుడు కాదు.

ఒకసారి ఒక షెడ్డులో నా బండికి పీపాలోంచి తీసిన ఆయిల్ పోశారు. వారం తర్వాత అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ రయ్యిమంటోంది, బండి కదలడం లేదు. ఆయిల్ మార్చినా ఫలితం లేకపోయింది, చివరికి క్లచ్ ప్లేట్లు కూడా మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి సీలున్న డబ్బా నా ముందు తెరిస్తేనే పోయనిస్తాను.

డబ్బా వెనక్కి తిప్పి చదవండి. గేరు బైకుకు జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. జాసో అంటే జపాన్ వాళ్ల ప్రమాణం. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకు. దాన్ని గేరు బైకులో పోయకండి, షాపువాళ్లు “ఏదైనా ఒకటేనండీ” అన్నా సరే.

తర్వాత చిక్కదనం. డబ్బా మీద 10డబ్ల్యూ-30 లాంటి గుర్తు ఉంటుంది, అందులో మొదటి అంకె ఇంజన్ చల్లగా ఉన్నప్పటిది, రెండోది 100 డిగ్రీల దగ్గర కొలిచింది. “మా రామగుండంలో 45 డిగ్రీల ఎండ, చిక్కటిది పోయాలి” అనే మాట చాలాసార్లు విన్నాను. బయట 45 ఉన్నా 30 ఉన్నా, ఆ రెండో అంకె కొలిచిన వేడి దానికి ఎంతో పైన. స్ప్లెండర్‌కు కంపెనీ 10డబ్ల్యూ-30 చెబితే 20డబ్ల్యూ-50 పోయడం సొంత తెలివి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. మీ బండి పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే కొనండి.

ఆయిల్ నల్లబడగానే టెన్షన్ పడకండి. మసిని తనలో కలుపుకుని తిరగడం దాని పని. మార్చాల్సింది రంగు చూసి కాదు, కిలోమీటర్లు చూసి.

పోశాక రెండు మూడు నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, అంతే సేపు ఆగి, బండి నిటారుగా ఉన్నప్పుడు ఆయిల్ కొలిచే పుల్లతో (డిప్‌స్టిక్) కొలవండి. పుల్లను మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది, పుస్తకంలో ఉంటుంది. పై గీత దాటితే ఎక్కువైనది తీసేయండి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పారబోయకుండా, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.