కొత్త కార్ స్టీరియో, కంపెనీ స్పీకర్లు: తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

కారులో కొత్త స్టీరియో బిగించాక ఏ తేడా వచ్చినా మన వైపు ముందు వినపడే మాట "సెట్టు పోయిందండి, మార్చేద్దామండి" అని. నిజానికి సెట్టు పోవడం అరుదు. తప్పు చాలావరకు దాని వెనక జాయింట్లలోనో, ఎర్త్‌లోనో, కారుతోపాటే వచ్చిన కంపెనీ ఆంప్లిఫయర్‌కి (స్పీకర్లకి సౌండ్ పెంచి ఇచ్చే పెట్టె) వెళ్లే వైర్లలోనో ఉంటుంది. వేలు పోసి ఇంకో సెట్టు కొనేముందు ఒక మామూలు మల్టీమీటరుతో కాసేపు వెతకండి.

చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి పది నిమిషాలు ఆగండి. డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు పసుపు కప్లర్లు (వైర్లని కలిపే ప్లగ్గులు), పసుపు గొట్టంలో వెళ్లే వైర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి. వాటి మీద మీటరు కూడా పెట్టొద్దు. వోల్టేజీ చూడాల్సి వచ్చినప్పుడే, అన్నీ తిరిగి తగిలించాక, బ్యాటరీ కలపండి.

బయట కొనే సెట్లలో రంగులు దాదాపు ఒకటే. పసుపు ఎప్పుడూ 12 వోల్టులుండే బ్యాటరీ లైను, ఎరుపు కీ తిప్పితే వచ్చే లైను, నలుపు ఎర్త్. నీలం ఏంటెన్నాకి, నీలం మీద తెల్లగీత ఉన్నది ఆంప్లిఫయర్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్లగీత ఉంటే నెగటివ్. ఇదంతా సెట్టు వైపు సంగతి. కారు వైపు రంగులు కంపెనీకొక రకం. అందుకే కారు కప్లర్ కొయ్యొద్దు, కొయ్యనివ్వొద్దు. ఆ మోడల్‌కి సరిపోయే అడాప్టర్ కప్లర్ దొరుకుతుంది. కోసిన కారులో తర్వాత ఏ తప్పు వెతకాలన్నా ప్రతి వైరూ మొదటినుంచి కనుక్కోవాల్సిందే.

కీ తీయగానే టైము, స్టేషన్లు చెరిగిపోతున్నాయి

ఎరుపు, పసుపు తారుమారయ్యాయి. కొన్ని యూరప్ కంపెనీల కార్లలో కప్లర్‌లోనే ఈ రెండు లైన్లు అటూ ఇటూ ఉంటాయి. కీ తీసి మీటరు పెట్టి చూడండి: 12 వోల్టులు చూపించేదానికే పసుపు కలపాలి. కొత్త కార్లలో కొన్నిటికి కీతో వచ్చే లైను కప్లర్‌లో అసలు ఉండదు. ఆ సమాచారం కాన్ బస్ (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) మీద వస్తుంది కాబట్టి కాన్ బాక్సు ఉన్న అడాప్టర్ కావాలి.

రాత్రి ఆపిన కారు పొద్దున్న స్టార్ట్ కావట్లేదు

ఎవరో ఎరుపు, పసుపు రెండూ కలిపి బ్యాటరీ లైనుకి ఇచ్చేసి ఉంటారు. లేదా ఆంప్లిఫయర్ రిమోట్ వైరుని నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటారు. కారు ఆపిన గంటకి ఆంప్లిఫయర్ ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటే దొంగ దొరికినట్టే. లెక్క కావాలంటే నెగటివ్ టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య మీటరుని ఆంపియర్లలో పెట్టి అరగంట ఆగండి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే భయం లేదు. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరులో ఫ్యూజు పోతుంది.

రేడియో పెడితే సౌండ్ ఉంది, బ్లూటూత్ పెడితే లేదు

దీనికి కొత్త బ్లూటూత్ మాడ్యూలు కొనిపించేవాళ్లున్నారు. అక్కర్లేదు. ఆంప్లిఫయర్ రిమోట్‌ని ఉత్త నీలం వైరుకి కలిపారు. చాలా సెట్లలో అది రేడియో నడుస్తున్నంతసేపే కరెంటు ఇస్తుంది. తెల్లగీత ఉన్న నీలానికి మార్చండి, అయిపోతుంది. దీనికి అటువైపు కథ కూడా ఉంది: ఎఫ్‌ఎమ్ ఒక్కటే గురగురమంటుంటే, ఏంటెన్నాలో ఉన్న చిన్న బూస్టర్‌కి ఆ ఉత్త నీలం వైరు అందలేదేమో చూడండి.

కంపెనీ ఆంప్లిఫయర్ ఉన్న కారులో అసలు సౌండే లేదు, ఉన్నా చిరిగిపోతోంది

అసలు తలనొప్పి ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. డిక్కీలోనో సీటు కిందో కంపెనీ ఆంప్లిఫయర్ ఉంటే, కారు కప్లర్‌లో స్పీకర్ వైర్లుగా కనబడేవి స్పీకర్లకి వెళ్లవు, ఆంప్లిఫయర్‌కి వెళ్తాయి.

సౌండ్ బొత్తిగా లేకపోతే ముందు ఆంప్లిఫయర్ దగ్గర మూడు చూడండి: బ్యాటరీ లైను, ఎర్త్, సెట్టు ఆన్ చేసినప్పుడు రిమోట్ వైరులో 12 వోల్టులు. మూడోది రావడం లేదంటే ఆంప్లిఫయర్ నిద్రలోనే ఉంది.

సౌండ్ వస్తూ, వాల్యూమ్ కొంచెం పెంచగానే చిరిగితే, పాట ఆపినా బుస్సుమంటుంటే, సెట్టు ఇచ్చే సిగ్నల్ ఆంప్లిఫయర్‌కి ఎక్కువైంది. కొన్ని కంపెనీ ఆంప్లిఫయర్లు స్పీకర్ స్థాయి (స్పీకర్‌ని నేరుగా మోగించగల) సిగ్నల్ తీసుకుంటాయి, కొన్ని ప్రీఅవుట్ స్థాయి చిన్న సిగ్నల్ మాత్రమే తీసుకుంటాయి. రెండో రకానికి స్పీకర్ వైర్లు కలిపితే జరిగేది ఇదే. మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ని చిన్నది చేసే డబ్బా) పెట్టి దాని గెయిన్ (సిగ్నల్ స్థాయి) తగ్గించండి. దీనికి తిరగేసి, ప్రీఅవుట్‌ని స్పీకర్ స్థాయి కోరే ఆంప్లిఫయర్‌కి ఇస్తే ఫుల్ వాల్యూమ్‌లో కూడా గొణిగినట్టే ఉంటుంది.

స్పీకర్ నెగటివ్‌లన్నీ కలిపి ఎర్త్‌కో, ఆర్‌సీఏ (ప్రీఅవుట్ సిగ్నల్ వెళ్లే కేబుల్) పైతొడుగుకో ఇవ్వడం పాత క్యాసెట్ రోజుల అలవాటు. ఇప్పటి సెట్లలో స్పీకర్ రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది. నెగటివ్ బాడీకి తగిలిందా, సెట్టు ప్రొటెక్ట్‌లోకి (తనని కాపాడుకోవడానికి ఆగిపోయే స్థితి) వెళ్లిపోతుంది. అదృష్టం బాగోకపోతే లోపల ఐసీ కాలిపోతుంది.

ఆంప్లిఫయర్ పీకేసి సెట్టు నుంచి నేరుగా స్పీకర్లకి వైర్లు లాగుదామని చాలామంది సలహా ఇస్తారు. ముందు మీటరుని ఓముల్లో (రెసిస్టెన్స్) పెట్టి స్పీకర్‌ని కొలవండి. 4 ఓముల స్పీకర్ సుమారు మూడున్నర చూపిస్తుంది. 2 లోపు చూపిస్తే అది 2 ఓములది, మామూలు సెట్టు దాన్ని మోయలేదు. ట్వీటర్‌కి (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) బేస్‌ని వడపోసే కెపాసిటర్ ఉందో లేదో కూడా చూడండి. కంపెనీ ఆంప్లిఫయర్లలో కొన్ని ఆ వడపోత లోపలే చేస్తాయి. లేనిచోట 4.7 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కెపాసిటర్ సిరీస్‌లో వేయకుండా నేరుగా కలిపితే ట్వీటర్ ఎంతో కాలం బతకదు. ఫైబర్ కేబుల్‌తో పనిచేసే ఖరీదైన కార్లయితే వైర్ల జోలికి వెళ్లకండి, దానికోసం చేసిన ఇంటర్‌ఫేస్ ఒక్కటే దారి.

రేజ్ ఇస్తే కుయ్‌మని సన్నటి కూత

ఇంజను వేగంతో కూత స్థాయి మారుతుంటే అది ఆల్టర్నేటర్ శబ్దం. ఎర్త్ సరిగా లేదు, లేదా ఆర్‌సీఏ కేబుల్, పవర్ కేబుల్ ఒకే పక్క నుంచి పోతున్నాయి. ఆంప్లిఫయర్ ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, బోల్టు కింద పెయింటు గీకి తళతళలాడే ఇనుముకి తగలాలి. ఇంజను నడుస్తూ పాట గట్టిగా ఉన్నప్పుడు సెట్టు ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. 0.1 వోల్టు దాటితే ఆ ఎర్త్ మళ్లీ వేయాల్సిందే. కూత ఆపడానికి ఫిల్టర్ అమ్ముతారు గానీ, ఎర్త్ బాగుచేయకుండా అది పెట్టడం నాకు నచ్చదు.

నాలుగు స్పీకర్లూ మోగుతున్నాయి, బేస్ మాత్రం లేదు

ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒకటి బయటికి తోస్తుంటే ఇంకొకటి లోపలికి లాగుతోంది. బ్యాలెన్సుని పూర్తిగా ఒక పక్కకి తిప్పితే బేస్ తిరిగి వస్తుంది. సెట్టు, ఆంప్లిఫయర్ రెండిటి కప్లర్లూ ఊడదీసి, స్పీకర్ వైర్లకి 1.5 వోల్టుల సెల్లు క్షణం తాకించండి. కోను బయటికొస్తే సెల్లు ప్లస్ తగిలినదే ప్లస్.

తలుపు తీసి వేస్తుంటే సౌండ్ వచ్చిపోతోంది

తలుపుకీ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి వైర్లు ఒక్కొక్కటే వంచి చూడండి. పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిపోయి ఉంటుంది. కోతలయ్యాక చేలల్లో తిండి లేక ఊళ్లోకొచ్చే ఎలుకలు కూడా మన దగ్గర పెద్ద కారణమే. కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి వైరింగు మీద పళ్ల గుర్తులున్నాయేమో చూడండి. తెగినచోట సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని పట్టేసే గొట్టం) వేయండి. ఉత్త ఇన్సులేషన్ టేపు మే నెల ఎండకి జిగురు కారి ఊడిపోతుంది.

వర్షాకాలంలో ఒక్కో స్పీకర్ గరగరమంటోంది

అంతర్వేది, నరసాపురం, ఓడలరేవు వైపు తిరిగే కార్లలో తలుపు ప్యానెల్ విప్పితే స్పీకర్ కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పొడిలా పట్టి ఉంటుంది. ఉప్పుగాలి, తేమ చేసే పని. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని గ్రీజు) పల్చగా రాయండి. అద్దం పక్కనుంచి దిగే వాన నీళ్లు తలుపు అడుగు చిల్లుల్లోంచి పోవాలి. అవి మట్టితో పూడుకుపోతే నీళ్లు లోపలే నిలిచి తేమకి కాగితం కోను మెత్తబడుతుంది. పుల్లతో చిల్లులు తెరవండి. స్పీకర్ బిగించినవాళ్లు ప్యానెల్ వెనక ప్లాస్టిక్ షీటు చింపేసి ఉంటే కొత్తది అంటించండి.

వరద నీళ్లు ఫ్లోర్ మీదికి వచ్చిన కారయితే సీటు కింది ఆంప్లిఫయర్‌ని ఆన్ చేసి చూడకండి. ఫ్యూజు తీసి, మూత విప్పి, బోర్డు మీద ఒండ్రుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, రెండు మూడు రోజులు ఆరనివ్వండి. అది మళ్లీ పనిచేసినా సీటు కిందే బిగించొద్దు, డిక్కీ పక్క గోడకి ఎత్తులో బిగించండి.